సున్నా తేడా

"ఇల్లు శుభ్రంగా ఉంచితే చాలు, ఇంకేం అక్కర్లేదు" అనే యజమానులంటే నాకు భయం. పద్నాలుగేళ్ళుగా, ఊరెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళొచ్చేదాకా ఉండి కనిపెట్టుకోవడమే నా పని. ఈ మాట అన్నవాళ్ళలో ఏ ఇద్దరి శుభ్రమూ ఒకటి కాదు. ఒకావిడకి వంటగట్టు మీద నీటిచుక్క కనపడితే ప్రాణం లేచిపోతుంది, ఫ్రిజ్ వెనక బొద్దింకలు కాపురాలు పెట్టినా పట్టదు. ఒకాయన తిరిగి రాగానే స్టూలెక్కి ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి చూశాడు. ఆ ఇంట్లో ఉన్న పదేళ్ళలో తనెప్పుడూ దాని మీద గుడ్డ పెట్టిన పాపాన పోలేదు. ఇంకోచోట నల్లబడ్డ ఇత్తడి చెంబుని చింతపండేసి తోమి తళతళలాడిస్తే, ఆ నలుపే దాని అందమట, ఇంటి కోడలు ఏడ్చినంత పని చేసింది.

ఇన్ని చూసినదాన్ని కాబట్టి, ఇందుమౌళి మేడం "శుభ్రానికి కొలత కనిపెట్టాను" అన్నప్పుడు నిజంగా సంతోషించాను. ఆ తరవాత జరిగినదానికి నన్ను నేను తిట్టుకున్నాను గానీ, ఆ రోజు మాత్రం సంతోషించాను. అబద్ధం చెప్పడమెందుకు.

నా పేరు నూకరత్నం. మాది అనకాపల్లి దగ్గర పల్లె. విశాఖలో మాలాంటి ఆడవాళ్ళం నలభై మందిమి ఒకే ఏజెన్సీలో పని చేస్తున్నాం. దాన్ని నడిపేది రాజుగారు. మాలో చాలామందికి సొంత ఇల్లంటూ లేదు. ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి ఒక సంచీ పట్టుకుని మారుతూ ఉంటాం. నా స్నేహితురాలు వరహాలమ్మ అయితే, వరాలంటాం, ఏడాదికి పదకొండు నెలలు ఎవరో ఒకరి ఇంట్లోనే ఉండాలిగా అని, ఉన్న ఒక్క అద్దె గదీ వదిలేసింది.

ఇందుమౌళి మేడం రుషికొండ వెనక ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఆవిడ ఫ్లాటు సముద్రానికి ఎదురుగా నాలుగో అంతస్తులో ఉంటుంది. మే నెలలో నలభై రోజులు భర్తతో, కూతురితో కొండల మీదికి వెళ్తూ, నన్ను కావాలని అడిగి పెట్టించుకుంది. ఏజెన్సీ మొత్తంలో నా పని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదట.

వెళ్ళే ముందు రోజు నన్ను హాల్లో నిలబెట్టి, "రత్నంగారూ, గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి తీయండి" అంది. పెట్టి తీశాను. తెల్లగోడ తెల్లగోడలాగే ఉంది. ఆవిడ ఫోను నా ముందు పెట్టింది. అందులో ఆ ఇంటి పటం ఉంది, గోడ ఉన్నచోట నా అరచెయ్యి ఐదు వేళ్ళతో ఎర్రగా వెలుగుతోంది.

"పొద్దున తలకి కొబ్బరినూనె రాసుకున్నారు. తరవాత ఉల్లిపాయ తరిగారు. అవునా?"

"అవునండీ" అన్నాను. కాస్త సిగ్గేసింది.

గోడలకీ నేలకీ తలుపులకీ కప్పుకీ సామానుకీ కంటికి ఆనని పూత వేశారట. అందులోని ఒక్కో రేణువూ తన మీద పడిన నూనె, చెమట, ఊపిరి తడి, వాసన, అన్నిటినీ పసిగడుతుంది. తాళం వేసేటప్పుడు ఇల్లు ఎలా ఉందో ఒకసారి గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని ముద్ర అంటారు. ఆ తరవాత ముద్రలో లేనిది ఏది తగిలినా అక్కడ ఎర్రబడుతుంది. దీని పేరు ఆనవాలు.

నేను ఊరుకుంటానా, కొంగుతో గోడ తుడిచాను. పటంలో చెయ్యి పోయింది గానీ కొంగు తిరిగిన మేరా ఎర్రటి పట్టీ తేలింది.

"మరి ఇది పోయేదెలా మేడం?"

"ల్యాబులో చేసిన నీళ్ళున్నాయి. వాటితో మెల్లగా తుడిస్తే పోతుంది. జానెడు మేరకి ఒక గంట పడుతుందనుకోండి. అసలు పెట్టకపోతే ఇంకా సులువు" అని నవ్వింది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆ సాయంత్రం కాఫీ నాకూ కలిపి ఇచ్చి, పక్కన కూర్చుని చెప్పింది. "రెండేళ్ళ కిందట ఒకావిడ మీద అరిచాను రత్నంగారూ. నా మంచం మీద ఎవరో పడుకున్నారనిపించింది. ఆవిడ లేదంది, ఒట్టు వేసింది, ఏడ్చింది. నేను నమ్మలేదు. ఎవరిది నిజమో నాకిప్పటికీ తెలీదు. కొలత లేకపోబట్టే కదా ఇలాంటి గొడవలు? ఇకనించి మీ మాటా నా మాటా అక్కర్లేదు, పటం చెప్తుంది." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ న్యాయంగానే తోచింది.

*

మర్నాడు పొద్దున బయల్దేరుతూ, మేడం నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది.

"మేం ఊరు చేరామని ఫోన్ చేసేదాకా చీపురు పట్టకండేం. నాకు పట్టింపులేం లేవు. మా అమ్మ అలవాటు."

"నాకు చెప్పాలేటండీ" అన్నాను. మనిషి ఇల్లు దాటగానే వెనకాలే ఊడవడం ఎప్పుడు చేస్తామో ఎవరికి తెలీదు? ఎంత చదువుకున్నా ఇంటి గుమ్మం దాటేటప్పుడు అమ్మ గుర్తొస్తుంది. నన్నూ బయటే నిలబెట్టి ఆవిడ తాళం వేసి, చెవి నాకిచ్చింది. సరిగ్గా ఆ క్షణాన ఆనవాలు ఇంటి ముద్ర తీసుకుంది. పాప వెంట్రుకలు, సోఫా కింద బిస్కట్ ముక్కలు, సింకులో మూడు కాఫీ కప్పులు, సర్దుతూ ఒలకబోసుకున్న పౌడరు, అన్నీ.

సాయంత్రం వాళ్ళు చేరినట్టు ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున నేను నడుం బిగించాను. ఇల్లంతా ఊడ్చి, రెండుసార్లు తడిగుడ్డ పెట్టి, కప్పులు కడిగి బోర్లించి, గడప కడిగి ముగ్గు పెట్టాను. చేతులు తుడుచుకుంటుంటే నాకిచ్చిన ఫోను గోల పెట్టింది. పటం చూద్దును కదా, ఇల్లంతా ఎరుపే. ఊడిస్తే ఎరుపు, కడిగితే ఎరుపు. సోఫా కింద పోయిన బిస్కట్ ముక్కలకి ఒక్కోదానికి ఒక్కో చుక్క.

గంటలో ప్రయోగశాలనించి కామేశంగారు పరిగెత్తుకొచ్చారు. ఆయన ఆనవాలు యంత్రం చూసుకునే టెక్నీషియన్. యాభై దాటినాయన, పాపం ఆయాసం. చేతిలో ప్లాస్టిక్ సంచీ ఉంది.

"ఏం చేశారండీ రత్నంగారూ?"

"ఇల్లు ఊడ్చాను. తప్పయిపోయింది" అన్నాను.

"ముద్ర మాసిన ఇంటి మీద పడింది. ఇప్పుడు దానికి అదే సరైన ఇల్లు." సంచీ నా ముందు పెట్టారు. "మా దగ్గర నమూనా దుమ్ముంది. మీరు ఊడ్చింది ఎక్కడుంది? రెండూ కలిపి మళ్ళీ ఎక్కడిదక్కడ..."

"చెత్తబుట్టలోంచి తీసి మళ్ళీ పరచమంటారా? కప్పుల్లో కాఫీ మడ్డి కూడా పోయాలా? పాపగారి వెంట్రుకలు నావి సరిపోతాయా, నెరిసినవైనా పర్లేదా?"

ఆయన సంచీ వైపు చూశారు, నా వైపు చూశారు, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. నేనూ నవ్వాను. ఆ ప్రయోగంలో మేం నవ్వింది ఆ ఒక్కసారే. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని లెక్కలు కట్టారు గానీ, మన ఇళ్ళల్లో ఊరెళ్ళేరోజు ఊడవరన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఊడవరు మరి.

కామేశంగారు మేడంతో మాట్లాడి దారి చూశారు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, తలుపు మూసి, పది నిమిషాల్లో కొత్త ముద్ర తీశారు. ఈసారి సరైన ఇల్లంటే ఊడ్చి కడిగిన ఇల్లు, లోపల ఒక్క మనిషి కూడా లేని ఇల్లు. తరవాత తలుపు తీసి, "రండి" అన్నారు. నేను లోపల అడుగు పెట్టాను. పటంలో గుమ్మం దగ్గర ఎర్రటి పాదం పడింది.

*

ఆ తరవాత పది రోజులు నేనెలా బతికానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచం వాడుకోవచ్చు, వంట చేసుకోవచ్చు అని కాగితం మీద రాసే ఉంది. ఎవరూ కాదనలేదు. కానీ పడుకుని లేచాక నా ఒళ్ళంతా, తల, భుజాలు, మడిచిన మోకాళ్ళు, పటంలో ఎర్రగా పడుకుని ఉండేది. పోపు పెడితే వంటింటి కప్పంతా ఎరుపు. ఒంటరిగా ఉన్నప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీసుకోవడం నా అలవాటు, గోడ దగ్గర నిలబడి పాడితే నోటికెదురుగా మరక. పాడటం మానేశాను. మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాను. వంట మానేసి అటుకులు నానబెట్టుకు తిన్నాను. పడక వంటింటి చాప మీదికి మార్చాను. పద్నాలుగేళ్ళ మంచిపేరు పోతుందేమోనని నలభై ఎనిమిదేళ్ళ మనిషిని దొంగపిల్లిలా తిరిగాను.

నేనున్న ఇంటికే కాదు, మేడం ల్యాబుతో కలిసి రాజుగారు ఇంకో ఇంటికీ పూత వేయించారు. సీతమ్మధారలో మూడో అంతస్తు. అక్కడ వరాలుంది. యజమానులు దుబాయిలో ఉన్నారు. పూత లోపల గదులకే గానీ పడమటి బాల్కనీకి వేయలేదు. ఆ సంగతి వరాలు కనిపెట్టింది.

"నాను బాల్కనీలోనే ఉంతన్నానక్కా" అంది ఫోన్లో, ఏదో గెలిచినట్టు. "పడక అక్కడే, తిండి అక్కడే. ప్యాకెట్టు రొట్టి తెచ్చుకుంతన్నాను. లోనకి పొద్దున్న ఏడింటికొక్కసారి, ఆ మొక్కల కుండీలకి నీళ్ళు పొయ్యడానికి. నాలుగడుగులు. ఎంటనే ఆ నీళ్ళతోటి తుడిచీస్తన్నాను."

"ఎండకి మాడిపోతావే. పడమటెండ!"

"గొడుగెట్టుకుంతన్నాలే."

"మరి బాత్రూముకి?"

"బాల్కనీలోంచే ఇనప మెట్లున్నాయి, కిందన వాచ్‌మేన్ గారి దొడ్డుంది. నీళ్ళు తక్కువ తాగితే మాటిమాటికీ దిగక్కర్లేదు కదా." తరవాత గొంతు తగ్గించి అంది. "పోయినేడు ఒకరింట్లో ఎండుచేపలు వొండీసినానని ఎంత గొడవయిందో నీకు తెలుసు కదక్కా. మనిషి మంచిదేగానీ వాసనేస్తాదని రాసినారు. ఈసారి నాను సున్నా తెస్తాను. ఎవులూ ఏటీ అనడానికుండదు."

నేను తిట్టాల్సింది. గట్టిగా తిట్టి అక్కడికెళ్ళి, దాన్ని లోపలికి ఈడ్చి మంచమ్మీద పడేయాల్సింది. కానీ ఆ రోజు నేనూ అటుకులే తింటున్నాను, నేనూ అదే భయంలో ఉన్నాను. "జాగ్రత్తే" అన్నాను, అంతే.

*

పందొమ్మిదో రోజున రాజుగారు నన్ను ప్రయోగశాలకి రమ్మన్నారు. పెద్ద ఏసీ గది. గోడంత తెర మీద రెండిళ్ళ పటాలూ పక్కపక్కన పెట్టారు. నా ఇంట్లో అక్కడక్కడా ఎర్ర మచ్చలు, ఆటలమ్మ పోసిన ఒళ్ళులా. వరాలు ఇల్లు పాలలా తెల్లగా ఉంది. కింద పెద్ద అక్షరాలతో, తేడా: సున్నా.

"రెండ్రోజులుగా సున్నా!" అన్నారు రాజుగారు. గదిలో ఆరుగురు చప్పట్లు కొట్టారు. కొండల మీదనించి ఇందుమౌళి మేడం కూడా తెరలో కనపడి నవ్వుతోంది. "చూడు రత్నం, నీకన్నా చిన్నది, పెద్ద చదువు లేనిది, చేసి చూపించింది. మేడం తిరిగొచ్చిన రోజు వాళ్ళింట్లోనే ప్రదర్శన పెడుతున్నాం. నాలుగొందల ఇళ్ళవాళ్ళు పూత అడుగుతున్నారు. నువ్వు కూడా ఈ మిగిలిన రోజుల్లో సున్నాకి తెచ్చావా, నలభై మందికీ నిన్నే పెద్దని చేస్తా. తేలేకపోయావా, మరి నీ పేరు తీసెయ్యాల్సొస్తుంది."

నేను ఆయన మాట వినడం లేదు. తెల్ల పటాన్నే చూస్తున్నాను.

"కామేశంగారూ, అంతకు ముందురోజులు చూపించండి."

ఆయన వెనక్కి తిప్పారు. రోజూ పొద్దున ఏడింటికి బాల్కనీ తలుపు దగ్గర నాలుగు లేత గులాబీ చుక్కలు, మధ్యాహ్నానికల్లా మాయం. పన్నెండో రోజు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు. పదిహేడో రోజు చుక్కల్లేవు. పద్దెనిమిది లేవు. ఇవాళా లేవు.

"మొక్కలకి నీళ్ళెవరు పోస్తున్నారు?" అన్నాను.

"ఏంటీ?"

"మనిషి ఉన్న ఇల్లు సున్నా ఎలా చూపిస్తుందండీ?" "నిన్నట్నించీ ఫోన్ ఎత్తటం లేదు. మాట్లాడితే ఊపిరి మరక పడుతుందని ఎత్తటం లేదేమో అనుకున్నాను. దాని ఇల్లు తెల్లగా ఉందని చప్పట్లు కొడుతున్నారు, అది ఎక్కడుందో ఒక్కరైనా అడిగారా?"

అందరికన్నా ముందు లేచింది కామేశంగారు. ఆయన స్కూటరు మీద సీతమ్మధార దాకా ఎలా వెళ్ళామో గుర్తులేదు. వాచ్‌మేన్ చేత తలుపు తీయించాం. లోపల చల్లగా, నీటుగా, ఎవరూ లేని ఇల్లు. కుండీల్లో మొక్కలు వడిలిపోయి ఉన్నాయి. బాల్కనీ తలుపు తోశాను.

వరాలు గొడుగు కింద లేదు. గొడుగు గాలికి ఎగిరి రెయిలింగులో ఇరుక్కుంది. అది గుమ్మానికి జానెడు దూరంలో బోర్లా పడి ఉంది. పెదాలు పగిలి, చర్మం కమిలిపోయి, చెయ్యి మాత్రం గడప వైపు చాచి ఉంది. లోపలికి రావాలనుకుందో, వచ్చి మరక చెయ్యకూడదనుకుని ఆగిందో నాకు తెలీదు, నేనెప్పుడూ అడగలేదు. ముక్కు దగ్గర వేలు పెడితే వెచ్చగా తగిలింది. కామేశంగారు తన నీళ్ళ సీసా తీశారు. నేను వరాలుని రెండు చంకలకిందా పట్టుకుని లోపలికి లాగి, ఆ దుబాయి వాళ్ళ తెల్ల సోఫా మీద పడుకోబెట్టాను. కామేశంగారి జేబులో ఫోను వణికింది. తేడా మొదలైంది. ఆయన దాన్ని తీసి చూడలేదు.

*

వడదెబ్బ, కిడ్నీలు దెబ్బతిన్నాయి అన్నారు ఆస్పత్రిలో. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. చేరిన పన్నెండో రోజున, ఇంటికి తీసుకెళ్ళి మరో పది రోజులు కదలకుండా ఉంచమన్నారు. ఏ ఇంటికి? అడ్రసు రాయమని నర్సు కాగితం ఇస్తే, వరాలు పెన్ను పట్టుకుని చాలాసేపు అలా కూర్చుంది. దాని చేతిలోంచి పెన్ను తీసుకుని ఇందుమౌళి మేడం ఇంటి నంబరు రాశాను.

"రత్నంగారూ, ఇంకో మనిషిని లోపలికి తెస్తే..." అన్నారు కామేశంగారు ఆటోలో.

"తెస్తే ఏటవుతాది? ఎర్రబడతాది. పడనీండి."

ఆ రోజుతో నా భయం వదిలిపోయింది. వరాలుని మేడం మంచం మీదే పడుకోబెట్టాను. ఆస్పత్రి మనిషికి అదొక్కటే సరైన మంచం. జావలు కాచాను, పప్పు పోపు పెట్టాను. డాక్టరు సరేనన్నాక, దాని నోరు చప్పబడిపోయిందంటే, ఎండుచేపలు కూడా వండాను, కిటికీలు తెరిచి మరీ. వేణ్ణీళ్ళు కాచి తలంటు పోశాను. గోడకానుకుని కూర్చున్నాను. గొంతెత్తి పాడాను. రోజూ పొద్దున ఊడ్చాను, తడిగుడ్డ పెట్టాను, బాత్రూము కడిగాను, దుప్పట్లు ఉతికి ఎండేశాను, ఎప్పట్లాగే, నా పద్ధతిలో. పటం ఇక కుంకుమ పూసినట్టయిపోయింది. రాజుగారు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేశారు. "ప్రదర్శన రోజున మాట్లాడుకుందాం" అని పెట్టేశాను. మేడం ఒక్కసారి చేసింది. వరాలు నా దగ్గరే ఉందని చెప్పాను. ఏ గదిలో అని అడిగింది. చెప్పాను. అవతలనించి "సరే" అని వినపడింది. ఆ సరే ఎలాంటిదో నాకర్థం కాలేదు.

*

నలభయ్యో రోజున వాళ్ళొచ్చింది పదకొండింటికి. మేడం ఒక్కతే వచ్చింది, భర్తనీ కూతుర్నీ వాళ్ళమ్మగారింట్లో దింపిందట. వెనక రాజుగారు, పూత కొనబోయే నలుగురు పెద్దమనుషులు, యంత్రంతో కామేశంగారు. అందరినీ గుమ్మం దగ్గరే ఆపి, రాజుగారి చేతిలో ఉన్న పలక లాంటి తెర వైపు చూపించాను.

"ముందు పటం చూడండి."

ఎరుపు. గది గదికీ ఎరుపు. రాజుగారి మొహం కూడా దానికి తీసిపోలేదు. "ఎంత ధైర్యం నీకు! పద్నాలుగేళ్ళు నమ్మితే పరాయి ఇంటిని సత్రం చేస్తావా? ఇదేనా నీ శుభ్రం?"

"ఇప్పుడు ఇల్లు చూడండి" అన్నాను. "ఆ తెర పక్కన పెట్టి, కళ్ళతో చూడండి. ఫ్యాను ఎక్కి చూడండి, ఫ్రిజ్ వెనక చూడండి, సింకు కింద వేలు పెట్టి చూడండి. మురికి ఎక్కడుందో ఒక్కచోట చూపించండి, నేను మోకాళ్ళ మీద కూర్చుని తుడిచి పోతాను."

గుమ్మంలోంచే తొంగి చూశారు. నేల మీద ఎండ పడి మెరుస్తోంది. ఒక పెద్దమనిషి ముక్కు ఎగబీల్చి, "ఏదో వాసన..." అన్నాడు. "ఫినాయిలు. మీకు నచ్చకపోతే చెప్పండి, అది వేరే సంగతి" అన్నాను.

"కామేశంగారూ, ఇప్పుడు ముద్ర తీయండి."

"ఇప్పుడా? లోపల మనిషి ఉండగానా?"

"ఉంది, పడుకుని ఉంది. నేనూ లోపలే నిలబడతాను. ఇదే సరైన ఇల్లని చెప్పండి దానికి. మీరంతా బయటే ఉండండి."

రాజుగారు అడ్డం రాబోయారు. మేడం చెయ్యి ఎత్తి ఆపింది. కామేశంగారు ఆవిడ మొహం కూడా చూడకుండా యంత్రం నొక్కేశారు. తలుపు మూసుకున్న పది నిమిషాలూ నేను హాలు మధ్యలో నిలబడ్డాను. తలుపు తీశాను. తెర మీద ఇల్లంతా పాలలా తెల్లగా ఉంది.

"రండి మేడం. మీ ఇల్లే."

ఇందుమౌళి మేడం చెప్పులు విడిచి లోపల కుడికాలు పెట్టింది. తెరలో గుమ్మం దగ్గర ఎర్రటి పాదం పడింది. ఇంకో అడుగు, ఇంకో పాదం. తలుపు పట్టుకుంది, ఐదు వేళ్ళు. ఊపిరి వదిలింది, మొహం ముందు పొగలాంటి మరక. ఆవిడ తన చేతిలోని ఫోను చూస్తూ అక్కడే నిలబడిపోయింది. ఇరవయ్యేళ్ళుగా తను ఉంటున్న ఇల్లు.

"ఇది పోయేదెలా రత్నంగారూ?" అంది మెల్లగా.

"మీరు బయటికెళ్ళిపోవాలి మేడం."

నేను జాకెట్లోంచి కాగితం తీసి రాజుగారి చేతిలో పెట్టాను. "పూత ఉన్న ఇంట్లో అడుగు పెట్టం. ఇరవై ముగ్గురం సంతకం పెట్టాం."

ఆయన మడత విప్పి లెక్కపెట్టుకున్నారు. "మిగతా పదిహేడు మంది చాలు నాకు."

"నడుపుకోండి. వాళ్ళకి బాల్కనీ ఎండ ఎటు పడుతుందో చూసి మరీ ఇవ్వండి ఇల్లు" అన్నాను. ఆ పదిహేడు మందిలో నాకు చెల్లెళ్ళలాంటివాళ్ళున్నారు. వాళ్ళకి పిల్లలున్నారు, భయాలున్నాయి. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

మేడం తన మంచం ఉన్న గదిలోకి నడిచింది. నేను వెంట వెళ్ళాను. వరాలు పడుకుని ఉంది, ఇంకా ఎముకల గూడే. ఆవిణ్ణి చూడగానే గాభరాగా లేవబోయి, దుప్పటి ముడతలు చేత్తో సాపు చేసింది.

"లేవకమ్మా" అంది మేడం. మంచం అంచున కూర్చోబోయి ఆగి, నేల మీద కూర్చుంది. నా వైపు తిరిగింది. "ఆనవాలుని మార్చొచ్చు రత్నంగారూ. తేడా సున్నా అయితే గంట మోగేలా చెయ్యొచ్చు. లోపలి మనిషికి ఏదో అయిందని వెంటనే తెలుస్తుంది. ప్రాణాలు కాపాడుతుంది."

ఆవిడ మాటలో మోసం లేదు. అందుకే నాకు మరీ కోపం వచ్చింది.

"మనిషి బతికుందో లేదో తెలియడానికి గోడకి పూతెందుకు మేడం? తలుపు కొట్టి పిలిస్తే పలుకుతాం కదా."

గుమ్మంలోంచి కామేశంగారు, "పాత ముద్రకి మార్చెయ్యమంటారా మేడం?" అని అడిగారు.

"ఇల్లు ఇవాళ మీకు అప్పజెప్పాలి, మాట ప్రకారం" అన్నాను. "కానీ వరాలుని ఇంకో రెండు రోజులు కదపకూడదు. ఇక్కడే ఉంటుంది. నేనూ ఉంటాను. పోలీసుల్ని పిలుచుకున్నా సరే."

వరాలు నా మొహమూ, మేడం మొహమూ మార్చి మార్చి చూసింది. మేడం చేతిలోని ఫోను మీద దాని చూపు ఆగింది. గుమ్మం నించి మంచం దాకా వరసగా ఎర్రటి పాదాలు.

"అక్కా, మళ్ళీ ఎర్రగయిపోనాదా?"

"అయింది."

"నాదేనా?"

"కాదు. మేడంగారిది."

వరాలు చెయ్యి మంచం పక్కన వేలాడుతున్న గుడ్డ కోసం వెతుక్కుంది. లేవడానికి సత్తువ లేదు, తుడవడానికి మాత్రం చెయ్యి వెళ్ళింది. "తుడిచీనా అక్కా?"

ఆ చెయ్యి పట్టుకుని దుప్పటి లోపల పెట్టాను. "గుడ్డ ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను. "పడుకో."